కట్ట కాపలాకు వచ్చినవాళ్లం

మార్తమ్మగారు పోయారని సుగుణ ఫోను చేసింది. మొన్న ముసురు పట్టిన వారం అది. "తెల్లారి పోయిందండీ అమ్మ. రేపు పదకొండింటికి మట్టి చేస్తాం. వానలు కదా, రాలేకపోతే ఏమీ అనుకోనండీ" అంది. ఏలూరు నుంచి ఆకివీడు ఎంత దూరమని? కైకలూరు మీదుగా కొల్లేరు మధ్యనుంచి బస్సెక్కితే పూట పట్టదు. అయినా ఆ ఊళ్లో కాలు పెట్టి యాభై ఏళ్లు కావస్తోంది. సుగుణ పెళ్లికి వెళ్లలేదు, ఆమె కూతురి పెళ్లికీ వెళ్లలేదు. టీచరు ఉద్యోగం ఉన్నన్నాళ్లూ సెలవు దొరకలేదన్నాను, రిటైరయ్యాక మోకాళ్లన్నాను. సుగుణే క్రిస్మసుకి ముందో తర్వాతో కేకు డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చేది. ఎందుకు రావని ఒక్కసారీ అడగలేదు. ఈసారి మాత్రం వంక చెప్పడానికి నోరు రాలేదు. వెళ్లి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచీ ఇది రాయాలనిపిస్తోంది.

మేం ఆ ప్రాంతం వాళ్లం కాదు. కల్యాణదుర్గం దగ్గర చిన్న పల్లె మాది. మా తాత ఊరి చెరువుకి నీరుగంటి. అంటే తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ చేనికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూసే మనిషి. వాన కురిసినప్పుడు కట్ట మీద తిరిగి ఎక్కడ బుంగ పడిందో కనిపెట్టడం కూడా అతని పనే. నాకు బుద్ధి తెలిసేసరికి తాత లేడు, చెరువులో నీళ్లూ లేవు. మధ్యలో తుమ్మచెట్లు మొలిచి గొర్రెలు మేసేవి. అయినా మా నాయన వారానికోసారి కట్ట పొడవునా నడిచి ఎలుకబొక్కలు పూడ్చి వచ్చేవాడు. ఊళ్లోవాళ్లు నవ్వేవాళ్లు. "నవ్వుకోనీ. నీళ్లొచ్చిన్రోజు నీరుగంటి లేకుంటే అప్పుడు ఏడుస్తారు" అనేది మా అవ్వ. కట్ట అంటే అవ్వకి గుడితో సమానం. చెప్పులతో ఎక్కనిచ్చేది కాదు. కట్ట తెంపినోని వంశం నిలబడదని పిల్లలకి అన్నంతోపాటు చెప్పేది.

వరసగా మూడేళ్లు శనక్కాయ చేలు ఎండిపోయాక మా ఊరికి ఒక మనిషి వచ్చాడు. కొల్లేటి చేపల చెరువులకి మేతగా వేరుశనగ చెక్క లారీలకెత్తించే దళారి. అక్కడ ఆకివీడు దగ్గర ఒక ఆసామికి కట్ట కాపలా చూసే మనిషి కావాలని, కట్టల సంగతి తెలిసినవాడైతే ఇల్లు కూడా ఇస్తాడని చెప్పాడు. ఆ మాట నాయన్ని ఎంత పొంగించిందో నాకు బాగా గుర్తు. పుట్టి పెరిగిన ఊళ్లో ఎందుకూ పనికిరాని విద్య ఎక్కడో రెండు రోజుల ప్రయాణం అవతల ఒకరికి అవసరమైంది. అక్కడి వాళ్లనే పెట్టుకోక అంత దూరం నుంచి మనిషిని ఎందుకు పిలిపిస్తున్నాడని ఇంట్లో ఎవరమూ అడగలేదు. అమ్మకి అనుమానం వచ్చిందేమో. మూటలు కడుతూ రెండుసార్లు చేతులు ఆపి నాయన వైపు చూసింది.

గుంతకల్లులో రైలెక్కి, బెజవాడలో దిగి, మళ్లీ ప్యాసింజరెక్కాం. కైకలూరు దాటాక రెండువైపులా నీళ్లే. మధ్యలో సన్నని గట్లు, ఎక్కడో ఒక పాక, మళ్లీ నీళ్లు. అవ్వ కిటికీ ఊచలు పట్టుకుని నోరు తెరుచుకుని చూసింది. తర్వాత ఎదురుగా కూర్చున్న పెద్దమనిషిని అడిగింది. "ఇన్ని నీళ్లు ఎవురివి నాయనా?"

ఆయన చిన్నగా నవ్వాడు. "అదేనండీ ఇక్కడ గొడవంతా" అన్నాడు. ఎక్కడికి వెళుతున్నామని నాయన్ని అడిగి, ఆసామి పేరు వినగానే "అలాగాండీ" అని, ఆపైన దిగేదాకా మాతో మాట్లాడకుండా బయటికే చూస్తూ కూర్చున్నాడు.

మాకిచ్చిన ఇల్లు ఆకివీడు ఊరి చివర, పొలాల్లో కూలికి వెళ్లేవాళ్ల కాలనీ కొసన ఉంది. కాలనీలో అన్నీ మట్టిగోడల తాటాకిళ్లు. ఒక చిన్న చర్చి. మాది మాత్రం పెంకుటిల్లు, నాలుగు మెట్లెక్కితే గాని గుమ్మం అందదు. మిగతావాళ్లు నేలమీద ఉంటే మనం అంత ఎత్తున ఎందుకున్నామో అని అమ్మ సిగ్గుపడేది. ఆ ఇళ్లలోకి వెళితే ఇంకో వింత. మంచం కోళ్ల కింద ఇటుకలు. బియ్యం డబ్బా, బట్టల మూట, పిల్లల పుస్తకాలు అన్నీ వాసాలకి వేలాడుతుండేవి. నేల మీద ఏమీ ఉండేది కాదు. "ఎందుకిట్ల కట్టినారు?" అని అమ్మ అడిగితే పక్కింటి మార్తమ్మగారు "అలవాటండీ" అంది.

అక్కడివాళ్ల మర్యాదకి మేం ముందు బెదిరిపోయాం. మా పక్క ఎవరినైనా నువ్వనే పిలుస్తాం, ప్రేమైనా కోపమైనా గట్టిగానే మాట్లాడతాం. ఇక్కడ పదేళ్ల పిల్లనైన నన్ను కూడా కొట్టాయన "ఏం కావాలమ్మా, చెప్పండి" అనేవాడు. నాయన్ని అందరూ "తిప్పన్నగారండీ" అనేవాళ్లు. ఆయన దారిలో కనబడితే పక్కకి తప్పుకుని నిలబడేవాళ్లు. అది గౌరవం అనుకున్నాం. ఆయన దాటిపోయాక ఆగిపోయిన మాటలు మళ్లీ మొదలవుతాయని అమ్మే ముందు గమనించింది. "వీళ్లు మనతో బాగానే మాట్లాడతారు గానీ మనింట్లో మంచినీళ్లు తాగరు, సూడు" అంది ఒకరోజు.

నీళ్ల మధ్య ఉండి తాగేందుకు నీళ్లు లేకపోవడం అవ్వకి ఎప్పటికీ అర్థం కాలేదు. పొద్దున్నే అమ్మా నేనూ బిందెలు పట్టుకుని మంచినీళ్ల చెరువుకి నడిచి వెళ్లేవాళ్లం. తెచ్చిన నీళ్లలో పటిక తిప్పితే మధ్యాహ్నానికి తేటపడేవి. అవ్వ అరచెంబు నీళ్లతో మొహం, కాళ్లూ కడుక్కుని, మిగిలినవి పాదుకి పోసేది. మార్తమ్మగారు వాకిట్లో చీపురుతో నీళ్లు చిమ్మి చిమ్మి బయటికి తోసేది. ఒకరు నీళ్లు దాచుకోవడం, ఒకరు తరుముకోవడం. రెండిళ్ల మధ్య అడుగు గోడ కూడా లేదు.

ఇంటి వెనక షెడ్డులో మేత బస్తాలుండేవి. తవుడు, వేరుశనగ చెక్క. మొదటి లారీ దిగినరోజు అవ్వ ఒక బస్తా దగ్గర కూర్చుని చెక్క ముక్క వాసన చూసి కళ్లు తుడుచుకుంది. "మన సేని వాసనరా తిప్పా. మన ఎద్దులకు లేకుండా యాడనో సేపలకు వస్తాండాది." ఆ వాసనకి చేపల నీచు, నాచు వాసన కలిసి ఇల్లంతా ఉండేది. మేం తెచ్చుకున్న రాగిపిండి రెండు నెలలకి అయిపోయింది. చివరి సంకటి ముద్దని అవ్వ మూడు పూటలు తిన్నది.

అవ్వకి ఆ ఊళ్లో దొరికిన ఒకే ఒక్క మనిషి కరుణమ్మగారు. మార్తమ్మగారి అత్త. డెబ్బై దాటి ఉంటాయి. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చేది. ఆ మనిషిని చూసిన మొదటిరోజు అవ్వ "నోరు కాల్తాదమ్మా" అని పరుగెత్తింది. ఆవిడ నవ్వి నవ్వి దగ్గింది. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఇద్దరూ మా మెట్ల మీద కూర్చునేవాళ్లు. అవ్వ మాట ఆవిడకి సగం అర్థమయ్యేది కాదు, ఆవిడ మాట అవ్వకి సగం. ఒకావిడ యేసుప్రభువు గురించీ, ఒకావిడ గంగమ్మ గురించీ, ఎవరి ధోరణిలో వాళ్లు చెప్పుకునేవాళ్లు. మా ఇంట్లో మంచినీళ్లు తాగిన మొదటి మనిషి కరుణమ్మగారే.

ఆవిడ కొడుకు ఏసుపాదంగారు చర్చిలో గంట కొట్టేవారు, కూలికి వెళ్లేవారు. చాలా నెమ్మది మనిషి. సుగుణ నా తరగతే. ఇద్దరం కలిసి బడికి వెళ్లేవాళ్లం. దారి నాయన కాపలా కాసే కట్ట మీదుగానే. ఒకరోజు సుగుణ ఆగి చెరువు చూపించి "ఇక్కడ పాయ ఉండేదంట. వానొస్తే మా కాలనీ నీళ్లన్నీ దీంట్లోంచే ఉప్పుటేరులోకి, ఆపైన సముద్రంలోకి పోయేవంట. మా నాన్న చిన్నప్పుడు దీంట్లో పడవేసుకుని వెళ్లేవాడంట" అంది.

"ఇప్పుడేమైంది?" అన్నాను.

"అటో కట్ట, ఇటో కట్ట వేసి మధ్యలో చేపలు పోశారు కదా. దానికే మీ నాన్నగారు కాపలా." ఆ పిల్ల మాటలో ఏ ఎత్తిపొడుపూ లేదు. వానాకాలం ఎండాకాలం గురించి చెప్పినట్టు చెప్పింది.

ఇంటికొచ్చి నాయనకి చెప్పాను. ఆయన తింటున్న ముద్ద ఆపలేదు. "వచ్చిన్రోజే సూసినా" అన్నాడు.

అమ్మ గరిటె కింద పెట్టింది. "సూసి ఎట్ల ఒప్పుకుంటివి?"

"పోయేదానికి ఇంగ యాడుంది?" అన్నాడు నాయన. ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. అవ్వకి చెప్పొద్దని మాత్రం నాకు సైగ చేశాడు. అవ్వ రోజూ పొద్దున్నే మెట్ల మీద నిలబడి, అంత దూరాన కనబడే ఆ కట్టకి దండం పెట్టుకునేది.

ఆషాఢంలో ఆసామి కారులో వచ్చారు. తెల్లని బట్టలు, మెత్తని గొంతు. నాయన్ని కుర్చీలో కూర్చోమన్నారు, ఆయన కూర్చోలేదు. నేను తలుపు వెనక ఉన్నాను. "మీ ప్రాంతం వాళ్లు నమ్మకస్తులండీ" అన్నారు ఆసామి. "ఈ ఊరివాణ్ణి పెట్టాననుకోండి, వానొచ్చినప్పుడు వాడికి అక్క ఇల్లో బావ ఇల్లో గుర్తొస్తుంది. మీకా ఇబ్బంది లేదు. మీకు ముందు కాపలా ఉన్నాయన ఆ ఇబ్బందితోటే పని మానేసి వెళ్లిపోయాడు." కాస్త ఆగి, లేస్తూ అన్నారు. "ప్రాణం పోయినా కట్ట పోకూడదండీ. అంతే నేను కోరేది."

కారు వెళ్లిపోయాక నాయన చాలాసేపు ఆ ఖాళీ కుర్చీ పక్కనే నిలబడ్డాడు. విద్య చూసి పిలిచారనుకున్న మనిషి. తనని పిలిచింది చుట్టాలెవరూ లేనందుకని ఆయనకి ఆరోజు తెలిసింది.

వినాయక చవితి వెళ్లాక ఆకాశం మారింది. మా ఊళ్లో మబ్బు పడితే పండగ. ఇక్కడ మబ్బు పట్టగానే కాలనీ నిశ్శబ్దమైపోయేది. ఆడవాళ్లు వాసాలకి ఇంకో వరస తాళ్లు కట్టారు. మేకల్ని రోడ్డు మీదికి తోలారు. మా మెట్ల సందులో రెండు నీరుకట్టె పాములు చేరాయి. అమ్మ కర్ర తీస్తే మార్తమ్మగారు వద్దంది. "వాటికి మాత్రం చోటేదండీ?" అని, అమ్మ వైపు చూసి చెప్పలేక చెప్పలేక అంది. "మీరు చెడ్డోళ్లయితే బాగుండేదండీ. మంచోళ్లయిపోయారు. అదే మా బాధ." అమ్మ ఆ మాటని నాయనకి చెప్పలేదు. చాలా ఏళ్లకి నాకు చెప్పింది.

తుఫాను మూడు రోజులు కురిసింది. వరదంటే ఉరుకుతూ వస్తుందని నేననుకున్నాను. అక్కడ నీళ్లు రావు, పెరుగుతాయి. మొదటిరోజు వీధి చెమ్మగిల్లింది. రెండోరోజు పాదాలు మునిగాయి. మూడోరోజు తెల్లారేసరికి మోకాళ్ల లోతు. చప్పుడు లేదు. మట్టిగోడలు కింద నుంచి పైకి నల్లబడుతూ వచ్చాయి. మా ఇంటి మెట్లలో రెండు మునిగాయి, రెండు మిగిలాయి.

ఆ పొద్దున నాయనకి సద్ది తీసుకుని కట్ట దగ్గరకి వెళ్లాను. అప్పటికే కాలనీ మగవాళ్లు పది పన్నెండుమంది గోనెసంచులు కప్పుకుని, పారలు పట్టుకుని వచ్చి ఉన్నారు. ముందు ఏసుపాదంగారు. ఎవరూ గొంతు పెంచలేదు.

"తిప్పన్నగారండీ, ఉప్పుటేరింకా నీళ్లు లాగుతూనే ఉంది. ఇప్పుడు కట్ట తెంపితే కాలనీ నీళ్లు పోతాయండీ" అన్నారాయన.

నాయన వాన నీళ్లు తుడుచుకుంటూ వాళ్లని చూశాడు, వాళ్ల వెనక కాలనీని చూశాడు. "ఆసామిని ఒక మాట అడిగొస్తానప్పా. రైసుమిల్లులో ఫోనుంది. మధ్యాహ్నంలోగా వస్తా. చెప్పకుండా తెంపితే నా మాటకేం విలువ?"

కొందరు ఏసుపాదంగారి మొహం చూశారు. ఆయన అన్నారు. "సరేనండీ. అడిగి రండి."

నాయన నీళ్లలో దిగి ఊరివైపు నడిచాడు. వాళ్లు కట్ట మీదే కూర్చున్నారు, పారలు పక్కన పెట్టుకుని. అక్కడ ఇంకెవరూ లేరు. అడ్డం చెప్పేవాళ్లు లేరు. అయినా కూర్చున్నారు. నేను సద్ది గిన్నె పట్టుకుని తాటిచెట్టు కింద నిలబడ్డాను. ఎందుకు కూర్చున్నారో అప్పుడు ఆలోచించే వయసు కాదు. పెద్దయ్యాక ఆలోచించాను. భయపడి ఉంటారనుకున్నాను.

నాయన తిరిగొచ్చేలోపే అది జరిగింది. అవ్వ చీర పైకి దోపుకుని, నీళ్లంటే గుండె జల్లుమంటున్నా సరే, కరుణమ్మగారిని మా ఎత్తింటికి తీసుకురావడానికి వెళ్లింది. ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "ఉండండి, బైబిలు మరిచాను" అని వెనక్కి వెళ్లింది. అవ్వ వాకిట్లో నిలబడి చూస్తుండగానే గోడ కూర్చుండిపోయింది. తడిసిన మట్టిగోడ కూలితే పెద్ద చప్పుడు రాదు. మెత్తని చప్పుడు. కట్ట మీదున్న మాకు వినబడింది మార్తమ్మగారి కేక. ఏసుపాదంగారు నీళ్లలో పరుగెత్తలేక పడుతూ లేస్తూ వెళ్లడం చూశాను. సగంమంది ఆయన వెనక వెళ్లారు. అప్పటికే అవ్వ చేతులతో మట్టి తోడుతోందట. కరుణమ్మగారిని బయటికి తీసేసరికి ప్రాణం లేదు. నీళ్లు ఏ కట్ట వల్ల నిలిచాయో అవ్వ అక్కడి ఏడుపుల్లోనే మొదటిసారి విందట.

నాయన ఊరివైపు నుంచీ, అవ్వ కాలనీవైపు నుంచీ ఒకేసారి కట్ట మీదికి వచ్చారు. అవ్వ మోచేతుల దాకా మట్టి. నాయన ఆయాసపడుతూ "ఇంకొక్క పూట ఓర్సుకోమన్నాడు ఆసామి…" అని మొదలుపెట్టి, అవ్వ చేతులు చూసి ఆగిపోయాడు.

"కరుణమ్మ సచ్చిపోయిందిరా" అంది అవ్వ. అరవలేదు. ఒక మనిషి పక్కనున్న పార తీసుకుంది. "మీ నాయన కాపలా కాసింది ఊరి కట్ట. ఇది ఒగని కట్ట." అని, చెప్పులతో ఎక్కనివ్వని మనిషి, పార ఎత్తి కట్ట మీద వేసింది. మొదటి దెబ్బకి పార జారింది. రెండో దెబ్బకి బెడ్డ లేచింది. మూడోది ఎత్తబోతుంటే నాయన వెనకనుంచి పట్టుకున్నాడు. "ఇది గాదమ్మా. పైది ముందు తెంపితే సెరువు పొంగి ఊరి మీదికే వస్తాది. ముందు కిందిది తెంపల్ల" అన్నాడు.

ఎక్కడ తెంపాలో, ఎంత వెడల్పు, ఏ పక్క కోత పడకుండా గోనెసంచులు వేయాలో ఆయనే చెప్పాడు. తను పుట్టి నేర్చుకున్న విద్యంతా ఆ మధ్యాహ్నం ఒక కట్టని పడగొట్టడానికి వాడాడు. కింది కట్ట తెగి చెరువు ఉప్పుటేరులోకి దిగింది. తర్వాత పై కట్ట తెగింది. సాయంత్రానికి కాలనీలో నీళ్లు పాదాల దాకా తగ్గాయి. తెల్లగా, మోచేతి పొడుగు చేపలు గండిలోంచి దొర్లుకుంటూ పోయాయి. ఆరోజు ఒక్కరూ ఒక్క చేపని పట్టలేదు.

సమాధులచోటు ఇంకా నీళ్లలోనే ఉంది. కరుణమ్మగారి శవాన్ని చర్చిలో బల్ల మీద ఉంచారు. మర్నాడు పొద్దున్నే ఏసుపాదంగారు వచ్చారు. తల్లి పోయి ఒక్కరోజు కాలేదు, మాకోసం వచ్చారు. "ఆసామి మనుషులు బయల్దేరారంటండీ. మీరుండకండి. తాడేపల్లిగూడెంలో మా బావమరిది ఉల్లిపాయల మార్కెట్లో పనిచేస్తాడు. చీటీ రాశాను." కట్ట ఎవరు తెంపారో తెలియదని కాలనీ అంతా ఒకే మాట మీద నిలబడిందని తర్వాత విన్నాం. అమ్మ చర్చికి వెళ్లి మార్తమ్మగారి కాళ్ల మీద పడింది. "లెగండమ్మా. మీరేం చేశారని" అందావిడ. మేం మెయిన్ రోడ్డెక్కేసరికి వెనకనుంచి వచ్చి గిన్నెలో అన్నం పెట్టి గుడ్డ చుట్టి ఇచ్చింది. మట్టి చేసేదాకా కూడా మేం ఉండలేదు.

గూడెంలో బతుకు బాగానే గడిచింది. ఇల్లంతా ఉల్లి వాసన. నాయన బస్తాలు మోసి, తర్వాత తూకాల దగ్గర చేరాడు. నేను చదువుకున్నాను. అవ్వ రెండేళ్లే బతికింది. సాయంత్రం మెట్ల మీద కూర్చోవడం మానేసింది. నాయన ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడలేదు. వాన పడితే మాత్రం కర్ర పట్టుకుని వీధిలోకి వెళ్లి, మా ఇంటి ముందే కాదు, వీధి పొడవునా మురుక్కాలువలో ఆకులూ చెత్తా తీసి వచ్చేవాడు. తడిసి కూర్చుని ఒక్క మాట అనేవాడు. "పొద్దున్నే తెంపింటే…" అక్కడితో ఆపేవాడు. ఆ వాక్యం పూర్తి చేయకుండానే పోయాడు.

మొన్న బస్సులో కూర్చుని చూస్తే రోడ్డుకి రెండువైపులా చెరువులే. అప్పుడు చేపలు, ఇప్పుడు ఎక్కువగా రొయ్యలు. నీళ్లలో గాలి కలిపే చక్రాలు తిరుగుతున్నాయి. గట్లు నేనెరిగిన వాటికంటే ఎత్తు, లారీలు నడుస్తున్నాయి వాటి మీద. కాలనీలో అందరివీ స్లాబు ఇళ్లు, సిమెంటు రోడ్డు. బాగుపడ్డారు, సంతోషం వేసింది. కానీ రోడ్డు ఎత్తు చేసిన కొద్దీ ఇళ్లు పల్లంలోకి వెళ్లాయి. వాకిళ్లలో నీళ్లు అప్పుడే నిలిచి ఉన్నాయి. పాయ ఎక్కడుండేదో నాకు ఆనవాలు దొరకలేదు.

మట్టి చేసి వచ్చాక సుగుణ నన్ను వరండాలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. కాసేపటికి పక్కన కూర్చుంది. "అమ్మ మీకు చెప్పొద్దందండీ ఒకటి. మీ నాన్నగారు ఉన్నన్నాళ్లూ వద్దంది, తర్వాత తనున్నన్నాళ్లూ వద్దంది" అంది.

"చెప్పు."

"ఆ పొద్దున మావాళ్లు అడగడానికి రాలేదండీ. తెంపేయడానికే వచ్చారు. మీ నాన్నగారు అడ్డమొస్తే పక్కకి లాగేద్దామనుకున్నారు. దారిలో మా నాన్నే ఆపాడంట. కొత్తోళ్లు, అంత దూరం నుంచొచ్చారు, ఆడపిల్లుంది, మనం తెంపితే ఆయన ఉద్యోగం పోయి కేసు కూడా ఆయన మీదికే వస్తుంది, మధ్యాహ్నం దాకా చూద్దాం, అన్నాడంట. ఎవరూ ఒప్పుకోలేదంట. బతిమాలి కూర్చోబెట్టాడు." సుగుణ పమిట కొంగు మడతపెడుతూ ఉండిపోయింది. "ఆ పూటే కదండీ మా నానమ్మ పోయింది. నాన్న ఆ తర్వాత గంట కొట్టలేదు. చర్చికి వెళ్లేవాడు, వెనకాల కూర్చునేవాడు."

భయపడి కూర్చున్నారనుకున్నాను ఇన్నేళ్లూ. మా నాయన తన మాటకి విలువుండాలని వెళ్లాడు, వాళ్లు ఆయన కోసం ఆగారు. మర్యాద పేరుతో వాళ్లు మమ్మల్ని దూరం పెట్టారని అమ్మ చివరిదాకా అనుకుంది. ఈ సంగతి నాయనకి తెలిసుంటే ఆ వాక్యం పూర్తి చేసేవాడేమో, లేక అసలు మొదలుపెట్టలేకపోయేవాడేమో. మార్తమ్మగారు ఈ రెంటిలో ఏది అనుకుని దాచిందో గాని, దాచడమే మంచిదనిపించింది.

వాన మళ్లీ మొదలైంది. "నాలుగు గంటల బస్సుకి వెళ్లిపోండి, రేపటికి ఎలా ఉంటుందో" అంది సుగుణ. కాలనీ చివర చెరువు గట్టు వారన ఒక రేకుల షెడ్డు కనబడింది. ముందు తీగ మీద పిల్లల బట్టలు తడుస్తున్నాయి. లోపల పరుపులు, స్టవ్వు, బియ్యం సంచి అన్నీ నేల మీదే పెట్టి ఉన్నాయి.

"ఎవరు వాళ్లు?" అన్నాను.

"ఒరిస్సా అవతలెక్కడి నుంచో తెచ్చారండీ, రొయ్యల చెరువు పనికి. పది రోజులైంది."

"నీళ్ల సంగతి ఎవరైనా చెప్పారా వాళ్లకి?"

సుగుణ తల దించుకుంది. "ఏం చెబుతామండీ. భాష రాదు కదా."

నేను కప్పు కింద పెట్టి లేచాను. సుగుణ గొడుగు తీసుకుని నా వెనకే వచ్చింది. షెడ్డు గుమ్మంలో ఒక చిన్నపిల్ల మమ్మల్ని చూసి లోపలికి పరుగెత్తింది. తల్లి బయటికి వచ్చి కొంగు సర్దుకుని నమస్కారం పెట్టింది. నాకు ఆమె భాష రాదు. లోపలి సామాన్లు చూపించాను, చెరువు చూపించాను. తర్వాత నేల మీద నుంచి చెయ్యి నెమ్మదిగా పైకెత్తుతూ వచ్చి నా రొమ్ము దగ్గర ఆపాను. ఆమె మొహంలో నవ్వు పోయింది. వెనక్కి తిరిగి బియ్యం సంచి వైపు చూసింది.